జానీ క్యాష్ నల్లబట్టలు: ఒక నిరసన పాట, దాని చుట్టూ అల్లుకున్న కథలు

అమెరికన్ కంట్రీ సంగీతం గురించి మాట్లాడుకునేవాళ్ల మధ్య ఒక కథ బాగా చెలామణిలో ఉంది. అధ్యక్షుడు నిక్సన్, కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌ని వైట్‌హౌస్‌కి పిలిపించి, పేదల్ని వెక్కిరించే పాట ఒకటి పాడమన్నాడట. క్యాష్ ఆ పాట పక్కనపెట్టి, అధ్యక్షుడి ఎదురుగా నిలబడి 'మ్యాన్ ఇన్ బ్లాక్' (నల్లబట్టల మనిషి) అనే తన పాట పాడేసి వచ్చాడట. వినడానికి బాగుంటుంది కానీ అలా జరిగే అవకాశమే లేదు. వైట్‌హౌస్ కచేరీ 1970 ఏప్రిల్ 17న జరిగింది. 'మ్యాన్ ఇన్ బ్లాక్' 1971 ఫిబ్రవరిలో పుట్టింది.

కథలో సగం నిజమే. క్యాష్‌ని పాడమని నిక్సన్ సిబ్బంది అడిగిన పాటల్లో 'వెల్ఫేర్ కాడిలాక్' ఒకటి. ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లు ఆ డబ్బుతో ఖరీదైన కార్లు కొనుక్కుంటున్నారని ఎగతాళి చేసే పాట అది. రెండోది 'ఓకీ ఫ్రమ్ మస్కోగీ', యుద్ధాన్ని వ్యతిరేకించే జుట్టు పెంచిన కుర్రాళ్లను దెప్పే పాట. రెండూ క్యాష్ సొంత పాటలు కావు. రెండూ పాడలేదు. బదులుగా తన పాటలు పాడాడు, అందులో 'వాట్ ఈజ్ ట్రూత్' ఉంది. కుర్రకారు ప్రశ్నలు అడిగితే పెద్దలు ఎందుకు అంతగా ఉలిక్కిపడతారన్నది దాని సారాంశం. ఆ సాయంత్రం నిక్సన్ కూడా, ఈయనకి ఏం పాడాలో చెప్పకూడదని తెలిసొచ్చింది అంటూ సభలో నవ్వులు పూయించాడు. రెండేళ్ల తర్వాత, 1972 జూలై 26న, క్యాష్ సెనేట్ ఉపసంఘం ముందు జైళ్ల సంస్కరణ గురించి సాక్ష్యం చెప్పాడు. నిక్సన్‌ని మళ్లీ కలిసింది ఆ సందర్భంలోనే. 1970 కచేరీ, 1971 పాట, 1972 భేటీ: ఈ మూడింటినీ కలిపి ఎవరో ఒకే సీనుగా కుట్టేశారు. సినిమాకి పనికొచ్చే సీను కాబట్టి అదే నిలిచిపోయింది.

ఈ పొరపాటుని పట్టించుకోవడానికి కారణం ఉంది. కథలో క్యాష్ అధికారాన్ని ఎదిరించే వీరుడు. పాటలో అలాంటి మనిషి కనిపించడు. అందులో ఎవరినీ పేరుపెట్టి తిట్టలేదు. నిక్సన్ పేరు లేదు, ప్రభుత్వం మాటే లేదు. గద్దర్ గొంతులో దొరని, సర్కారుని నిలదీసే పాటలు విని పెరిగిన తెలుగు చెవికి మొదట ఇది నిరసన పాటగానే తోచకపోవచ్చు. దాని నిరసన ఎటు తిరిగి ఉందో తెలియాలంటే, ఆ పాట ఎవరి ముందు పాడారో తెలియాలి.

కంట్రీ సంగీతం అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో, పొలాల్లో, గనుల్లో, మిల్లుల్లో పనిచేసిన తెల్లవాళ్ల సంగీతంగా పెరిగింది. నల్లవాళ్ల బ్లూస్, చర్చి పాటలు అందులో ఎంతో కలిసి ఉన్నా, వ్యాపారం మాత్రం తెల్ల శ్రోత పేరునే సాగింది. 1969 నవంబరు 3న నిక్సన్ టీవీ ప్రసంగంలో 'మౌన మెజారిటీ' మద్దతు కోరాడు. ఊరేగింపుల్లోకి రాని, యుద్ధాన్ని ప్రశ్నించని మామూలు జనం అని ఆయన ఉద్దేశం. కంట్రీ రేడియో వినేవాళ్లు ఆ లెక్కలో ముందు వరసలో ఉన్నారని పార్టీల వాళ్లకి తెలుసు. వైట్‌హౌస్ ఆ రెండు పాటలు అడగడం కాకతాళీయం కాదు. న్యూయార్క్ కాఫీ హోటళ్లలో ఫోక్ గాయకులు యుద్ధానికి వ్యతిరేకంగా పాడితే వినేవాళ్లు ముందే వాళ్లతో ఏకీభవించి ఉంటారు. క్యాష్ ముందున్నది ఆ సభ కాదు. కొడుకుల్ని వియత్నాం పంపిన తల్లిదండ్రులు, పాప పరిహారం ఒక్కటే దారి అని నమ్మే చర్చి మనుషులు, ప్రభుత్వ సాయం అంటే మొహం చిట్లించేవాళ్లు.

ఆ సాయం గురించి క్యాష్‌కి తెలిసినంత ఎక్కువమంది పాటగాళ్లకి తెలియదు. 1932లో ఆర్కాన్సాలో పుట్టాడు. 1935లో ఆయన కుటుంబం డైస్ అనే కాలనీకి మారింది. మాంద్యం రోజుల్లో రూజ్వెల్ట్ ప్రభుత్వం చితికిపోయిన రైతు కుటుంబాలకు ఇల్లు, ఇరవై ఎకరాలు ఇచ్చి నిలబెట్టిన ఊరు అది. పత్తి ఏరుతూ పెరిగిన ఇంటికి ఆధారం ప్రభుత్వ పథకమే. అలాంటి మనిషి 'వెల్ఫేర్ కాడిలాక్' పాడితే తన తండ్రిని వెక్కిరించినట్టే అయ్యేది. అయితే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి: డైస్ కాలనీలోకి తెల్ల కుటుంబాలనే తీసుకున్నారు.

ఇక బట్టల సంగతి. నల్లబట్టలు వేసుకోవడం పాటతో మొదలైందనుకుంటే అదీ తప్పే. 1950ల మధ్యలో మెంఫిస్‌లో క్యాష్, గిటారు వాయించే లూథర్ పెర్కిన్స్, బేస్ వాయించే మార్షల్ గ్రాంట్ ఒక చర్చిలో పాడాల్సి వచ్చింది. ముగ్గురి దగ్గరా ఒకే రంగులో ఉన్న చొక్కాలు నల్లవి మాత్రమే. అంతే, వేసుకెళ్లారు. తర్వాత అదే అలవాటైంది. అప్పట్లో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వేదికల మీద పోర్టర్ వాగనర్ లాంటి వాళ్లు హాలీవుడ్ దర్జీ న్యూడీ కోన్ కుట్టిన సూట్లలో, మెరుపు రాళ్లతో ధగధగలాడుతూ కనిపించేవాళ్లు. పేదరికంలోంచి వచ్చిన గాయకుడికి ఆ మెరుపు 'గెలిచాను' అని చెప్పుకునే పద్ధతి. వాళ్ల మధ్య నిలబడితే నల్లకోటు వేసుకున్నవాడు పాస్టరులాగానో, శవపేటికలు మోసేవాడిలాగానో ఉంటాడు. పాట ఆ అలవాటుకి పదిహేనేళ్లు ఆలస్యంగా ఒక కారణం తగిలించింది. ఇది మోసం అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. జనం ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నని పట్టుకుని, దానికి వాళ్లు ఊహించని జవాబు చెప్పడం మంచి పాటగాడి పనే.

పాట పుట్టిన సందర్భం రికార్డులో ఉంది. 1969 జూన్ నుంచి 1971 మార్చి వరకు ఏబీసీ టీవీలో క్యాష్‌కి వారం వారం వచ్చే కార్యక్రమం ఉండేది. నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో చిత్రీకరించేవాళ్లు. మొదటి ఎపిసోడ్‌లోనే బాబ్ డిలాన్, జోనీ మిచెల్ వచ్చారు. రే చార్లెస్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఆ వేదిక మీద పాడారు. 1971 ఫిబ్రవరి 17న ప్రసారమైన ఎపిసోడ్ కాలేజీ పిల్లల కోసం. అదే ఊళ్లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో క్యాష్ ముందే కూర్చుని మాట్లాడాడు. మత్తుమందులు, యుద్ధం, దేవుడు, అన్నీ వచ్చాయి. ఆ మాటల తర్వాత పాట రాశాడు. చివరి నిమిషం దాకా దిద్దుతూనే ఉండటంతో కంఠస్థం కాలేదు, అట్టముక్కల మీద పెద్దక్షరాలతో రాయించి చూసి పాడాడు. అదే కార్యక్రమంలో నీల్ యంగ్ హెరాయిన్‌కి బలైన స్నేహితుల గురించి పాడాడు. మత్తు దెబ్బకి కుప్పకూలిన కుర్రాళ్లు క్యాష్ పాటలోకి కూడా వచ్చారంటే ఆ వారం గాలిలోనే ఆ విషయం ఉంది.

పాట నిర్మాణం చాలా సాదా. మూడు నిమిషాలు కూడా ఉండదు. మన లెక్కలో చెప్పాలంటే పల్లవి లేదు, అన్నీ చరణాలే. రెండేసి పాదాలకు అంత్యప్రాస. వాద్యాలు గొంతుకి అడ్డం రావు. క్యాష్ బృందం మొదట్నుంచీ ఇంతే: డ్రమ్స్ లేని తొలి రోజుల్లో క్యాష్ తన గిటారు తీగల కింద కాగితం దూర్చి డ్రమ్ములాంటి టకటక శబ్దం తెప్పించేవాడు. 1971 నాటికి డ్రమ్మర్ వచ్చాడు, 1968లో చనిపోయిన పెర్కిన్స్ స్థానంలో బాబ్ వూటన్ వచ్చాడు, పొదుపు మాత్రం పోలేదు. ఈ పాటకి అదే కావాలి. ఆర్కెస్ట్రా పెట్టి ఉంటే వినేవాడు సంగీతంలోకి జారుకుని మాటల్ని వదిలేసేవాడు.

మొదటి చరణం ప్రశ్న: ఎప్పుడూ నల్లబట్టలే ఎందుకు, రంగులు ఎందుకు కనపడవు అని మీరు అనుకుంటూ ఉంటారు. తర్వాతివి జవాబులు. పట్టణంలో ఆకలి వైపున బతికేవాళ్ల కోసం. శిక్ష ఎప్పుడో అనుభవించేసినా ఇంకా లోపలే ఉన్న ఖైదీ కోసం. క్రీస్తు చెప్పిన ప్రేమ, దయ మాటలు ఎన్నడూ చదవని, వినని వాళ్ల కోసం. ఈ మూడో జవాబు దగ్గర జాగ్రత్తగా వినాలి. చర్చికి రానివాడిని పాపి అనే అలవాటున్న శ్రోతకి, వాడిని కూడా పేదవాడి పక్కన, ఖైదీ పక్కన కూర్చోబెట్టి చూపించాడు. మతం ఇక్కడ గోడ కట్టడానికి రాలేదు. అందుకే చర్చి మనుషులు పాటని కాదనలేకపోయారు. వాళ్ల గ్రంథంలోని మాటలతోనే వాళ్లని అడిగాడు.

ఆ తర్వాత వచ్చే చరణం పాటకి ఇరుసు. అంతదాకా 'మీరు', 'నేను' అంటున్నవాడు హఠాత్తుగా 'మనం' అంటాడు. మనకేం, మెరుపు కార్లలో, మంచి బట్టల్లో బాగానే ఉన్నాం. వెనకబడినవాళ్లు గుర్తుండటానికి ముందు వరసలో నల్లబట్టల మనిషి ఒకడు ఉండాలి. నిందలో తనని కూడా కలుపుకున్నాడు, తనకీ ఖరీదైన కార్లు ఉన్నాయి కాబట్టి. 'మీరు దుర్మార్గులు' అంటే రేడియో కట్టేసే శ్రోత, 'మనం మరచిపోతున్నాం' అంటే ఇంకో నిమిషం వింటాడు. పాట పేరుగా ఉన్న ఆ పదబంధం ఇక్కడ ఒకసారి, చివర్లో ఒకసారి, రెండుసార్లే వినిపిస్తుంది. ఇక్కడ 'ఒకడు ఉండాలి', చివర్లో 'ఆ ఒకడిని నేనే'. మధ్యలో ముసలివాళ్లు, రోగులు, మత్తులో పోయినవాళ్లు, యుద్ధంలో పోయినవాళ్లు వస్తారు.

యుద్ధం దగ్గర పాట ఒక అంకె చెబుతుంది: వారానికి వందమంది కుర్రాళ్లని పోగొట్టుకుంటున్నాం. కవిత్వం కోసం వేసిన గుండ్రటి అంకె అనుకోవచ్చు, కానీ లెక్కకి నిలుస్తుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల మరణాలు 1968లో 16,899. అంటే వారానికి సుమారు 325. 1969లో 11,780, వారానికి 226. 1970లో 6,173, వారానికి 118. క్యాష్ చెప్పింది దాదాపు ఆ ఏడాది సగటే. పాట రేడియోల్లో మోగుతున్న 1971లో మొత్తం 2,414కి తగ్గింది, వారానికి యాభై లోపు. నిక్సన్ పదాతి దళాన్ని వెనక్కి తెస్తున్నాడు, దక్షిణ వియత్నాం సైనికులు వాళ్ల స్థానంలో చస్తున్నారు.

అందుకేనేమో, ఆ వెంటనే వచ్చే చరణం పాటలో అన్నిటికన్నా చిక్కైనది. దేవుడు తమ పక్షాన ఉన్నాడని నమ్మి చనిపోయిన వేలమంది కోసం నలుపు, మనమంతా తమ పక్షాన ఉన్నామని నమ్మి చనిపోయిన మరో లక్షమంది కోసం నలుపు. మొదటివాళ్లు సైనికులని సులభంగానే తెలుస్తుంది. రెండోవాళ్లు ఎవరు? వెనక దేశమంతా నిలబడి ఉందని నమ్మిన అమెరికా సైనికులే అని ఒక అర్థం. అప్పుడది యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్లకి కూడా తగిలే మాట అవుతుంది. అమెరికాని నమ్మి చచ్చిన వియత్నామీయులు అని రెండో అర్థం. ఆ యుద్ధం మొత్తంలో అమెరికా పోగొట్టుకున్నది 58 వేల పైచిలుకు. లక్ష అంకె వాళ్లకి సరిపోదు, కాబట్టి నేను రెండో అర్థం వైపే మొగ్గుతాను. పాట మాత్రం తేల్చదు. తేల్చకపోవడంలో బతుకుతెరువు లెక్క కూడా ఉంటుంది. 1969 డిసెంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో క్యాష్ తనని తాను 'గోళ్లున్న పావురం' అని చెప్పుకున్నాడు. అధ్యక్షుడి శాంతి ప్రయత్నాల్ని సమర్థిస్తున్నానని ఆ రోజుల్లోనే అన్నాడు. వియత్నాం స్థావరాల్లో సైనికుల కోసం పాడి వచ్చినవాడు. సైనికుడి మీద ప్రేమ, యుద్ధం మీద విసుగు రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి.

నేరుగా నిందిస్తే ఏమవుతుందో ఆయనకి అనుభవం ఉంది. 1964లో అమెరికా ఆదివాసుల గురించి 'బిట్టర్ టియర్స్' అనే ఆల్బమ్ చేశాడు. అందులో ముఖ్యమైన పాట ఐరా హేస్ మీద, రాసింది పీటర్ లఫార్జ్. హేస్ అరిజోనాకి చెందిన పీమా తెగ మనిషి. ఎగువన స్థిరపడిన తెల్లవాళ్లు నదిని మళ్లించుకుంటే ఎండిపోయిన పొలాలు వాళ్లవి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1945 ఫిబ్రవరి 23న, జపాన్ దీవి ఇవో జిమాలోని కొండ మీద అమెరికా జెండా ఎత్తుతూ ఫొటోలో పడిన ఆరుగురు సైనికుల్లో హేస్ ఒకడు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది, అతను మాత్రం తాగుడులో, పేదరికంలో 1955లో 32 ఏళ్లకే చనిపోయాడు. పాట ఎవరు నీళ్లు దోచారో, ఎవరు మరచిపోయారో చెప్పేస్తుంది. చాలా రేడియో స్టేషన్లు దాన్ని వేయలేదు. క్యాష్ సొంత డబ్బుతో 1964 ఆగస్టులో బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రికలో నిండు పేజీ ప్రకటన వేయించి, మీకు దమ్ము లేదా అని డీజేల్ని, స్టేషన్ యజమానుల్ని అడిగాడు. రికార్డులు తానే మోసుకెళ్లి పంచాడు. చివరికి అది కంట్రీ చార్టులో మూడో స్థానానికి చేరింది. తమాషా ఏమిటంటే 1970 నాటి 'వాట్ ఈజ్ ట్రూత్' కూడా మూడే, 'మ్యాన్ ఇన్ బ్లాక్' కూడా మూడే. తేడా దారిలో ఉంది. 1971 పాటకి ప్రకటన అవసరం రాలేదు, స్టేషన్లు ఏ గొడవా లేకుండా వేశాయి. దాన్ని విజయం అనాలో, పదును తగ్గడం అనాలో వినేవాడి ఇష్టం.

ఖైదీ పాదం గురించి కొంచెం ఆగాలి. క్యాష్ జైల్లో శిక్ష అనుభవించినవాడనే నమ్మకం చాలామందిలో ఉంది. కాదు. చిన్న కేసుల్లో కొన్ని రాత్రులు లాకప్‌లో గడిపాడు. 1965లో ఎల్ పాసోలో గిటారు పెట్టెలో వందల మత్తు మాత్రలతో దొరికాడు. అప్పుడు కూడా జైలు శిక్ష అనుభవించాల్సి రాలేదు. కానీ 1957 నుంచే జైళ్లలో కచేరీలు చేశాడు. 1968 జనవరి 13న ఫోల్సమ్‌లో, 1969 ఫిబ్రవరి 24న శాన్ క్వెంటిన్‌లో రికార్డు చేసినవి ఆయన దశనే తిప్పాయి. రెండూ కాలిఫోర్నియా జైళ్లే. ఆ రాష్ట్రంలో అప్పుడు చాలా నేరాలకు గడువు తేల్చని శిక్షలు ఉండేవి. 'ఏడాది నుంచి యావజ్జీవం' అని కోర్టు వేసేది, ఎప్పుడు వదలాలో పెరోల్ బోర్డు చూసుకునేది. పెట్రోల్ బంకులో 70 డాలర్ల దోపిడీ కేసులో జార్జ్ జాక్సన్ అనే నల్లజాతి యువకుడికి 1961లో పడింది అదే. పదేళ్ల తర్వాత కూడా లోపలే ఉన్నాడు, 1971 ఆగస్టులో శాన్ క్వెంటిన్‌లోనే కాల్పుల్లో చనిపోయాడు. ఆ పద్ధతి 1976 చట్టంతో పోయింది. శిక్ష తీరినా లోపలే ఉన్న ఖైదీ అని క్యాష్ పాడినప్పుడు అది ఉత్త జాలి మాట కాదు, ఆ జైళ్ల లోపలి మామూలు ఫిర్యాదు.

సెనేట్ ముందు ఆయన అడిగినవి కూడా ఇలాగే పట్టుకోదగ్గవి: మొదటిసారి తప్పు చేసిన కుర్రాళ్లని కరడుగట్టిన నేరస్థులతో కలిపి పెట్టొద్దు, బయటికి వచ్చేవాడిని ముందే సిద్ధం చేయండి. పక్కన గ్లెన్ షెర్లీ కూర్చున్నాడు. ఫోల్సమ్‌లో ఖైదీగా ఉండగా అతను రాసిన పాటని క్యాష్ అక్కడి కచేరీలో పాడాడు, 1971లో విడుదలయ్యాక తన బృందంలోకి తీసుకున్నాడు. అతను బయటి బతుకులో కుదురుకోలేకపోయాడు, క్యాష్ బృందం నుంచి పంపేయాల్సి వచ్చింది, 1978లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1970 చివర్లో అమెరికా రాష్ట్ర, ఫెడరల్ జైళ్లలో సుమారు 1,96,000 మంది ఉండేవాళ్లు. 2009 నాటికి ఆ సంఖ్య 16 లక్షలు దాటింది.

పాటలో లేనివాళ్ల గురించి కూడా చెప్పాలి. నల్లజాతి వాళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు. పౌరహక్కుల ఉద్యమం జరిగి పదేళ్లు కాని దక్షిణాదిలో, ఆకలి గురించి, జైలు గురించి పాడుతూ ఆ మాట ఎత్తకపోవడం చిన్న విషయం కాదు. ఎత్తి ఉంటే కంట్రీ రేడియోలో ఎంత దూరం వెళ్లేదో ఊహించవచ్చు. 'ఓకీ ఫ్రమ్ మస్కోగీ' పాడిన మెర్ల్ హ్యాగర్డ్, తెల్ల యువకుడు, నల్ల యువతి ప్రేమ మీద రాసిన 'ఇర్మా జాక్సన్' పాటని విడుదల చేయడానికి రికార్డు కంపెనీ వెనకాడింది, 1972లో గానీ అది బయటికి రాలేదు. ఆదివాసులు కూడా లేరు, ఏడేళ్ల క్రితం వాళ్ల కోసం అంత పోరాడిన గాయకుడి పాటలో.

శత్రువు పేరు లేని పాటని ఎవరైనా సొంతం చేసుకోవచ్చు, చేసుకున్నారు కూడా. 2004లో న్యూయార్క్‌లో రిపబ్లికన్ పార్టీ మహాసభలప్పుడు టెనెస్సీ ప్రతినిధులు క్యాష్ పేరుతో విందు పెట్టుకుంటే, నల్లబట్టలు వేసుకున్న నిరసనకారులు బయట చేరి ఆయన మీవాడు కాదన్నారు. 2017 ఆగస్టులో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో శ్వేతజాతి ఆధిపత్యవాదులు చేసిన అల్లర్ల సమయంలో ఒక నయా నాజీ క్యాష్ పేరున్న టీషర్టుతో టీవీలో కనిపించాడు. ఆయన పిల్లలు బహిరంగ ప్రకటన విడుదల చేసి, విద్వేష భావజాలానికి తమ తండ్రి పేరుని దూరంగా ఉంచమని కోరారు.

వినదలచుకుంటే ఆల్బమ్ కన్నా ముందు ఆ 1971 టీవీ రికార్డింగు చూడటం మేలు. అట్టల మీది మాటలు చదువుతూ పాడటంవల్ల క్యాష్ అక్కడ ఏ పాదాన్నీ బరువుగా లాగడు.  దాని వెంటనే ఐరా హేస్ పాట పెట్టుకుంటే, ఒకే గాయకుడు ఏడేళ్ల తేడాలో నిందని ఎక్కడ పెట్టాడో, ఎక్కడినుంచి తీసేశాడో చెవికే తెలుస్తుంది.